తెల్లవారని వాకిలి

ఆ ఇంట్లో పొయ్యి ఎప్పుడూ చీకట్లోనే వెలిగేది. పెద్దపిల్ల చేత్తో తడుముకుంటూ పుల్లలు పేర్చేది. తల్లి అగ్గిపుల్ల గీసేది. చిన్నపిల్ల దుప్పట్లోంచి బయటికి రానని మారాం చేసేది. రైతు అరుగు మీద కూర్చుని పార పిడి బిగించుకునేవాడు, అదీ తడుముకుంటూనే. పొయ్యిలో మంట ఎంత ఎగిసినా దాని వెలుగు అరచేతి మేర దాటి పాకేది కాదు.

కంచె అవతల పక్కింట్లో అప్పటికే ఎండ వాకిలంతా పరుచుకుని ఉండేది. అక్కడ దర్జీ ఆవిడ కుట్టుమిషను తొక్కుతూ పలకరించేది.

"ఏం వదినా, మీకింకా తెల్లారలేదా?"

"మాకప్పుడే ఎక్కడమ్మా! ఇంకా చాలా టైముంది" అనేది రైతు భార్య చీకట్లోంచి.

సూర్యుడు నడినెత్తికి రాగానే, ఎవరో దుప్పటి గుంజేసినట్టు ఆ ఇంటి మీద ఒక్కసారిగా ఎండ పడేది. నలుగురూ కళ్ళు చిట్లించుకుని బయటికొచ్చేవాళ్ళు. తెల్లారింది కదా అని మొహాలు కడుక్కునేవాళ్ళు. ఊరంతా భోజనాలు చేసి కునుకు తీసే వేళకి వీళ్ళు పారలు భుజాన వేసుకుని పొలానికి బయల్దేరేవాళ్ళు. ఊళ్ళో అందరూ వీళ్ళని 'మధ్యాహ్నం వాళ్ళు' అనేవాళ్ళు. అందులో వెక్కిరింపు కొంచెమే. కుమ్మరి వాళ్ళని కుమ్మరి వాళ్ళు అన్నట్టే అదీను.

ఆ ఇంటి ఉదయాలు వాటంతటవి పోలేదు. రైతే వాటిని ఊళ్ళో నారింజతోట ఉన్న తోటాయనకి గింజల కోసం అమ్మేశాడు.

అమ్మడం ఏమంత కష్టం కాదు. తోటాయన వాకిట్లో తూర్పుకి వీపు పెట్టి నిలబడి 'ఇచ్చాను' అంటే చాలు. ఒక విత్తనాల అదను నుంచి మళ్ళీ విత్తనాల అదను దాకా ఆ ఇంటి ఉదయాలన్నీ ఆయన తోటకి పోయేవి. ఆయన నారింజలు లేత ఎండకే తీపెక్కుతాయట. అందుకని ఆయన తోటలో ఉదయం ఊళ్ళో వాళ్ళు భోంచేసి చేతులు కడుక్కునేదాకా కదిలేది కాదు. మనిషి చెడ్డవాడేం కాదు. మర్యాదగా కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చేవాడు, బేరం దగ్గర గొంతు పెంచేవాడు కాదు. అవతలివాడి గాదె అడుగంటిందని తెలిసినవాడికి గొంతు పెంచాల్సిన పనేముంటుంది?

పెద్దపిల్ల కడుపులో ఉన్న ఏడు, గింజలు అయిపోయి కొత్త పంటకి ఇంకా విత్తనమైనా పడని రోజుల్లో, రైతు మొదటిసారి వెళ్ళి తూర్పుకి వీపు పెట్టాడు. ఒక్క ఏడాదికే అనుకున్నాడు. కానీ సగం రోజు సేద్యానికి సగం పంటే వస్తుంది. ఆ సగం పంట మళ్ళీ అదనుకి ముందే అయిపోతుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఏటా అదే వాకిలి, అదే మాట. అలా పెద్దపిల్ల ఉదయమనేది ఎరక్కుండానే పెరిగింది.

బడి మాత్రం పొద్దున్నే పెట్టేవాళ్ళు. ఒకసారి తల్లి పెద్దపిల్లని తీసుకెళ్ళి చూసింది. గడప దాటినంత మాత్రాన అమ్మిన ఉదయం తిరిగి రాదు కదా, చీకటి కూడా పిల్లతో పాటే బడికొచ్చింది. ఆ పిల్ల కూర్చున్న బెంచీ అంతా మసకైపోయింది. పక్కనున్న పిల్లలకి పలకలు కనబడలేదు. టీచరమ్మ ఆ పిల్ల తల నిమిరి, "పొద్దుటిపూట మీ చేతికొచ్చాక తీసుకురామ్మా" అని పంపేసింది.

అప్పట్నుంచీ పెద్దపిల్ల బడి వదిలే వేళకి దారిలో కాపు కాసేది. "ఈరోజేం చెప్పార్రా?" అని ఒక్కొక్కళ్ళనీ అడిగేది. వాళ్ళు చెప్పినన్ని రోజులు చెప్పారు, విసుగొచ్చాక సరదాకి అబద్ధాలు మొదలుపెట్టారు. సముద్రం తియ్యగా ఉంటుందన్నారు. ఏనుగు గుడ్లు పెడుతుందన్నారు. ఆ పిల్ల అన్నీ శ్రద్ధగా గుర్తుపెట్టుకునేది. నిజమేదో అబద్ధమేదో తేల్చి చెప్పేవాళ్ళు ఇంట్లోనూ లేరు.

ఇలా ఉండగా ఒక ఏడు, అదనుకి కొంచెం ముందు, ఏదో సాయం చేసే సంస్థ తరఫున, భుజానికి సంచీ తగిలించుకుని ఒక అమ్మాయి ఇంటింటికీ తిరిగింది. మధ్యాహ్నం వాళ్ళింటికి మధ్యాహ్నమే వచ్చింది, ఎవరో చెప్పి పంపినట్టున్నారు.

"నెలనెలా మీ ఫోనుకి డబ్బొస్తుందమ్మా" అంది రైతు భార్యతో. "రెండేళ్ళ పాటు వస్తుంది. మీ ఇష్టం, దేనికైనా వాడుకోండి."

"దానికి మేమేం చెయ్యాలి?" అడిగాడు రైతు.

"ఏమీ చెయ్యక్కర్లేదండీ."

"అది కాదమ్మా, మీరేవి తీసుకుంటారు? మధ్యాహ్నాలా?"

"ఏవీ తీసుకోమండీ."

"పోనీ రాత్రులా?"

సంచీ అమ్మాయి నవ్వేసింది. "నా రాత్రులతోనే నాకు సరిపోతోంది బాబాయ్. మీవి కూడా పట్టుకెళ్ళి ఏం చేసుకోను?"

ఆ నవ్వుతో రైతుకి అనుమానం ఇంకా గట్టిపడింది. ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి, భార్య వైపు తిరిగాడు. "చూశావా, ఏం కావాలో చెప్పకుండా వెళ్ళిపోయింది. అడిగి పుచ్చుకునేవాడితో పర్లేదే. తోటాయన ముందే చెప్తాడు, చెప్పిందే తీసుకుంటాడు. ఏమీ వద్దన్నవాడు ఏదో ఒకరోజు వచ్చి మొత్తం పట్టుకుపోతాడు. మనకున్నదల్లా మధ్యాహ్నాలే. అవీ పోతే ఏం పెట్టి బతుకుతాం? ఆ డబ్బు ముట్టుకోవద్దు. వాళ్ళొచ్చి అడిగిన రోజున వాళ్ళ మొహాన పారేద్దాం."

"ఊరందరికీ ఇస్తున్నారు కదయ్యా."

"ఊరందరి సంగతి నాకెందుకు?"

ఆమె గాదెలోకి ఒకసారి తొంగి చూసింది. తర్వాత నెమ్మదిగా అంది, "ఈ ఏడు మాత్రం పొద్దుటిపూటలు అమ్మకయ్యా. ఆ డబ్బుతో గింజలు కొనుక్కుందాం. పదేళ్ళు దాటితే మొదటి తరగతిలో చేర్చుకోరట. పెద్దదానికి ఇదే ఆఖరు."

"వచ్చే ఏడు చూద్దాంలే" అన్నాడు రైతు.

మర్నాడు వెళ్ళి తూర్పుకి వీపు పెట్టాడు. ఇల్లు ముంచే పని చేస్తున్నానని అతను అనుకోలేదు, కాపాడుతున్నాననే అనుకున్నాడు. జీవితంలో ఊరికే దొరికింది ఒక్కటి కూడా లేనివాడికి ఊరికే వచ్చిందాన్ని ఎలా అందుకోవాలో ఎవరు నేర్పుతారు? కానీ ఆ రోజు 'ఇచ్చాను' అన్న ఆ ఒక్క మాట గొంతులోనే ఆగిపోయి ఉంటే ఎంత బాగుండేదో! తర్వాత్తర్వాత పొలం గట్టు మీద కూర్చున్నప్పుడల్లా రైతు అదే అనుకునేవాడు.

ఆ ఏడంతా గోడకి తగిలించిన ఫోను నెలకోసారి కుయ్యిమనేది. కుయ్యిమన్నప్పుడల్లా రైతు ఉలిక్కిపడి వీధిలోకి చూసేవాడు. ఎవరూ వచ్చేవాళ్ళు కాదు. దర్జీ ఆవిడ తనకొచ్చిన డబ్బుతో మిషను బాగుచేయించుకుంది, రెండు మేకలు కొంది, ఇంటి కప్పుకి రేకులు వేయించింది. రైతు రోజూ కంచె మీంచి ఆమె మధ్యాహ్నాన్ని పరీక్షగా చూసేవాడు, అంచులేమైనా తరిగాయేమోనని. అది ఎక్కడా వీసమెత్తు తగ్గలేదు.

"ఏం అన్నయ్యా, నా ఎండకి దిష్టి పెడుతున్నావా?" అని ఆమె నవ్వితే, ఏం లేదమ్మా అంటూ లోపలికి వచ్చేసేవాడు.

మళ్ళీ గాదె అడుగంటింది. రైతు తువ్వాలు భుజాన వేసుకుని తోటాయన ఇంటికి బయల్దేరబోతుంటే, భార్య, దర్జీ ఆవిడని అడిగి తెచ్చిన సైకిలు నడిపించుకుంటూ వాకిట్లోకి వచ్చింది. సైకిలు మీద గింజల బస్తా, దాని మీద విత్తనాల సంచి ఉన్నాయి.

"ఇవెక్కడివే?"

"బజారువి. కొనుక్కొచ్చాను."

"ఆ డబ్బుతోనా? రేపు వాళ్ళొచ్చి అడిగితే?"

"అడిగితే నా మధ్యాహ్నాలు ఇస్తాను" అంది ఆమె బస్తా దించుతూ. "నావి నేనిచ్చుకుంటాను. నువ్వు మాత్రం ఆ తువ్వాలు తీసి దండెం మీద వెయ్యి."

పెళ్ళయ్యాక ఆమె అతనితో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదటిసారి. రైతు తువ్వాలు తీసి దండెం మీద వేశాడు. తర్వాత బస్తాకి రెండో పక్క చెయ్యి వేశాడు.

ఆ సాయంత్రమే బడికి వెళ్ళాడు. టీచరమ్మ తాళం వేస్తూ కనబడింది.

"ఈ ఏడు అమ్మలేదమ్మా. మా పిల్లలిద్దర్నీ చేర్పిద్దామని వచ్చాను."

ఆమె సంతోషపడింది. చిన్నపిల్లని రేపట్నుంచే పంపమంది. పెద్దపిల్ల వయసు చెప్పగానే ఆమె మొహం మారిపోయింది. "పెద్దదానికి దాటిపోయిందయ్యా. నా చేతుల్లో లేదు. పోయినేడు తీసుకొచ్చుంటే మారు మాట్లాడకుండా చేర్చుకునేదాన్ని."

"పోయినేడు మాకు పొద్దుటిపూటలు లేవమ్మా."

"పోయినేడు డబ్బు రాలేదా మీకు?"

రైతు కాళ్ళ వైపు చూసుకున్నాడు. "వచ్చిందమ్మా" అన్నాడు.

ఆమె తాళంచెవి కొంగున ముడేసుకుంది. అతనే చెప్పుకొచ్చాడు, "ఆ పిల్ల ఒక్కసారి వింటే మర్చిపోదమ్మా. సముద్రం తియ్యగా ఉంటుందని కూడా తనకి తెలుసు." చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమని తనని తాను తిట్టుకుంటూ రైతు ఇంటి దారి పట్టాడు.

పెద్దపిల్ల గుమ్మంలోనే ఎదురొచ్చింది. "ఏమన్నారు నాన్నా?"

"చెల్లిని రేపట్నుంచీ రమ్మన్నారమ్మా."

ఆ పిల్ల ఇంకొక్క క్షణం అతని మొహంలోకి చూసింది. తన మాట అడగలేదు. "అయితే దానికి సంచి కుట్టించాలి" అని దర్జీ ఆవిడ ఇంటికి పరిగెత్తింది.

ఆ డబ్బు వాళ్ళకి మేలు చేయలేదని అంటే కళ్ళు పోతాయి. ఆ ఏడు నలుగురూ కడుపునిండా తిని పొలంలోకి దిగారు. విత్తనం అదనులో పడింది. మొక్కజొన్న మనిషెత్తు పెరిగింది. గాదె మళ్ళీ అదను వచ్చేదాకా అడుగు చూపించలేదు. రెండేళ్ళయ్యాక ఫోను కుయ్యిమనడం ఆగిపోయినా రైతు ఇంకెప్పుడూ తోటాయన వాకిలి తొక్కలేదు. వాళ్ళ మధ్యాహ్నాల కోసం ఎవరూ రాలేదు. తోటాయన నారింజలు మాత్రం కొంచెం పుల్లబడ్డాయని ఊళ్ళో చెప్పుకున్నారు. చిన్నపిల్ల చదువు చక్కగా సాగింది. ఇవన్నీ తర్వాతి సంగతులు.

రైతు బడికి వెళ్ళొచ్చిన మర్నాడే విత్తనాలు వేసే రోజు. ఇంకా చీకటిగానే ఉంది. పెద్దపిల్ల ఎప్పట్లాగే తడుముకుంటూ పుల్లలు పేరుస్తోంది. ఉన్నట్టుండి తన వేళ్ళు తనకే కనబడ్డాయి. కళ్ళకేదో అయిందనుకుని నులుముకుంది. చీకటి నెమ్మదిగా పలచబడింది. ముందు పొయ్యి అంచు తేలింది, తర్వాత నీళ్ళ కుండ, తర్వాత పొయ్యి ముందు వంగిన తల్లి. అమ్మ మొహాన్ని పొద్దుటి వెలుగులో చూడటం ఆ పిల్లకి అదే మొదలు. అమ్మ ఇంత బావుంటుందా అన్నట్టు చూస్తూ ఉండిపోయింది.

"ఏంటే, అలా చూస్తున్నావు?" అంది తల్లి.

చిన్నపిల్ల ఇంకా నిద్ర పోతానని ఏడ్చింది. అక్క దానికి మొహం కడిగి జడ వేసింది, కొత్త సంచి భుజానికి తగిలించింది. వీధిలో పిల్లలు పిలిస్తే చిన్నది ఏడుపు మర్చిపోయి వాళ్ళతో కలిసిపోయింది. ఆ పిల్ల వెంట చీకటి వెళ్ళలేదు. అందరి పిల్లల మీద పడ్డట్టే దాని మీదా ఎండ పడుతోంది.

పెద్దపిల్ల చెల్లి కనుమరుగయ్యేదాకా వాకిట్లోనే నిలబడింది. కంచె ఆకుల మీద నీటిబొట్లు మెరుస్తున్నాయి. ఒకదాన్ని వేలితో ముట్టుకుంది. గాలి చల్లగా ఉంది. వీధి చివర బడి గంట కొట్టారు. ఎండ ఇంకా మెత్తగానే ఉంది, మధ్యాహ్నం రావడానికి ఇంకా బోలెడంత పొద్దుంది.

రైతు విత్తనాల బుట్ట చంకన పెట్టుకుని బయటికొచ్చి ఆ పిల్ల పక్కన ఆగాడు.

"నాన్నా, రోజూ ఇంత ఉంటుందా?"

"ఉంటుందమ్మా."

ఆ పిల్ల వీధి ఈ చివర నుంచి ఆ చివర దాకా మరోసారి చూసింది.

"నువ్వేదో చిన్నది అమ్మావనుకున్నాను నాన్నా" అంది.

ఆ మాటలో నిష్ఠూరం లేదు. ఉంటే బాగుండుననుకున్నాడు రైతు.