నలభై మూడు పాయింట్ తొమ్మిది

వాతావరణ కేంద్రం మూలనున్న పాత వానకొలత డబ్బాలో ఆమె చెయ్యి పెట్టగానే చుట్టిన కాగితాలు తగిలాయి. పదకొండు!

నాన్న ముప్పై ఐదేళ్లు రాసిన వాతావరణ రిజిస్టర్లను కంప్యూటరుకెక్కించడం ఇప్పుడామె ఉద్యోగం. అవన్నీ ఈ సాయంత్రం ఐదుకల్లా పై ఆఫీసుకు చేరాలి. ఎండలు ఎంత ముదిరాయో ఆ అంకెలతోనే తేలుస్తారు. వేడిని దానంతటదే గీసే యంత్రం కాగితాల్లో పదకొండు వారాలవి మాత్రం కనబడలేదు. ఇవిగో, ఇక్కడున్నాయి.

ఒకటి విప్పింది. మూడేళ్ల నాటి ఆ తేదీ చచ్చినా మరిచిపోదు. పన్నెండింటికి గీత నలభై ఆరును తాకింది. రిజిస్టరులో అదే గంటకు, నాన్న ముత్యాల్లాంటి రాతలో, నలభై మూడు పాయింట్ తొమ్మిది.

ఊళ్లో ఎన్నడూ నలభై నాలుగు దాటలేదని, ఆరుబయట పని ఆపే హద్దు అక్కడే పెట్టారు. ఆ రోజు రోడ్డు పని ఆగలేదు. మూడింటికి ఆమె భర్త కుప్పకూలాడు. మళ్లీ లేవలేదు.

అన్నం క్యారేజీ తెచ్చిన నాన్న గుమ్మంలోనే నిలబడిపోయాడు.

"ఏంటి నాన్నా ఇవి?"

"పాత రికార్డు దాటితే పై ఆఫీసు సంజాయిషీ అడిగేది తల్లీ. పనిలో చేరిన కొత్తలో నిద్రపోతున్నావా అని తిట్టారు. అప్పట్నుంచీ కాస్త తగ్గించి రాసేవాణ్ణి. అంకే కదా అనుకున్నా."

"ఆ రోజు రోడ్డు పని మేస్త్రీ ఫోన్ చేస్తే ఆ అంకే చెప్పావు!"

"అల్లుడు పనికెళ్లాడని నాకు తెలీదమ్మా."

"వేరేవాళ్ల అల్లుడైతే పర్లేదా?"

ఆయన క్యారేజీ బల్ల మీద పెట్టాడు.

"వీటిని తగలబెట్టకపోయావా మరి?"

"చేతులు రాలేదు."

నాలుగున్నరకి పదకొండు అంకెలూ దిద్దేసింది. దిద్దడానికి కారణం రాయాలి. తప్పు రాసినవాడి పేరూ రాయాలి.

"నా పేరే రాస్తావా?"

"ఆ గడి ఖాళీగా ఉంటే ముందుకు పోదు నాన్నా."

"రాయి" అన్నాడు. "పదకొండే కాదు. ఈ యంత్రం వచ్చి పన్నెండేళ్లే. అంతకుముందు తగ్గించినవాటికి కాగితాల్లేవు."

"ఎన్ని?"

"లెక్క పెట్టుకోలేదు."

కిటికీ అవతల ఎండ ఇంకా నిప్పులు చెరుగుతోంది. అంతకుముందు ఇరవై మూడు వేసవులు అసలెంత మండాయో ఇక ఎవరికీ తెలీదు. నాలుగూ యాభై. 'ఇరవై మూడేళ్ల వేసవి అంకెలు నమ్మదగినవి కావు' అని రాసింది. దాని కింద నాన్న పేరు టైపు చేసి పంపేసింది.

క్యారేజీ అలాగే ఉంది, ఇద్దరూ ముట్టలేదు.