పూజకు పెట్టిన ప్యాకింగ్ టేపు

"మీ ముగ్గురు గల్సి నా చదువును ముంచిన్రు. ఇంకెవ్వరు గాదు, మీరే!"

ఆయుధ పూజ పీట ముందు నిలబడి అఖిల ఆ మాట అనేసరికి గోదాములో హారతి వెలిగించబోతున్న పంతులు చెయ్యి ఆగిపోయింది.

ఆ ముగ్గురిలో ఒకడు ఆ కోల్డ్ స్టోరేజీలో మెషిన్లు చూసే సూపర్‌వైజర్ కొండల్. రెండోవాడు పూజకు అతిథిగా వచ్చిన ఐటీఐ వీరేందర్ సార్. మూడోవాడు పూజ చూద్దామని వచ్చిన ఆమె కన్నతండ్రి, కొత్వాల్‌గూడ బిక్షం.

అఖిలది ఏసీ మెకానిక్ కోర్సు. సగం చదువు ఐటీఐలో, సగం పనిచోట. సార్ పాఠం చెప్పాలి, కంపెనీ చేతికి పని నేర్పాలి, ఇంటివాళ్ళు వెనక నిలబడాలి. ముగ్గురి పూచీ మీద నడిచే చదువు. వినడానికి ఎంత బాగుంది! పదిమందిలో పాము చావదన్న సామెత మాత్రం ఊరికే పుట్టలేదు.

శంషాబాద్ విమానాశ్రయం పక్కనున్న ఆ గోదాములో మందులు, గులాబీలు చల్లగా కూర్చుని విమానం ఎక్కుతాయి. వాటిని చల్లగా ఉంచే మెషిన్లు లోపలి గదిలో గుర్రుమంటుంటే, అఖిల బయట బల్ల దగ్గర అట్టపెట్టెలకు టేపు చుట్టేది. "అన్నా, లోపలికెప్పుడు?" అంటే, "సూద్దాం తియ్" అనేవాడు కొండల్. ఐటీఐకి పోయి చెప్పుకుంటే, "అవన్నీ కంపెనీలోనే నేర్పుతారమ్మా" అనేవాడు వీరేందర్ సార్. మళ్ళీ ఇక్కడికొచ్చి అడిగితే, "ఏంది, మీ సార్ నేర్పలేదా?"

వచ్చే నెల ప్రాక్టికల్ పరీక్ష. రాగి పైపు అతకాలి, గ్యాస్ ఎక్కించాలి. ఆ పిల్ల ఇంతవరకు గ్యాస్ సిలిండర్ వాల్వు కూడా తిప్పలేదు. పరీక్ష తప్పితే బతుకంతా ఆ బల్ల దగ్గరే.

ఈ గోదాములో పూజకు ఒక పద్ధతి ఉంది. ఎవరి చేతి పనిముట్టు వాళ్ళే కడిగి, బొట్టు పెట్టి అమ్మవారి ముందు పెట్టాలి. ఇంకొకరిది ముట్టరు. కొండల్ గ్యాస్ కొలిచే గేజీలు పెట్టాడు. డ్రైవర్ బండి తాళాలు పెట్టాడు. ఊడ్చే రుక్కమ్మ తన చీపురును దర్జాగా తెచ్చి ఆనించింది. అఖిల వంతు వచ్చింది. కాసేపు చుట్టూ చూసింది. బల్ల మీది టేపు చుట్ట తెచ్చి, పసుపు రాసి, బొట్టు పెట్టి, గేజీల పక్కన పెట్టింది.

ఎవరో కిసుక్కున నవ్వారు.

"ఏందే పిల్లా, మెకానిక్‌నంటివి, గిది వెడితివి?" అంది రుక్కమ్మ.

"నా చేతికి గిదొక్కటే ఇచ్చిన్రు అత్తా. ఇగ ఏం వెట్టాలె?"

వీరేందర్ సార్ ముఖం మాడిపోయింది. "ఏంటి కొండల్, ఇన్నాళ్ళూ టేపులు చుట్టించావా?"

"మీరొక్కసారన్న వచ్చి సూసిన్రా సార్? ఇయ్యాల పులిహోర ఉందంటె వచ్చిన్రు."

"పని నేర్పాల్సింది మీరు!"

"నేర్పొద్దన్నోన్ని అడుగుండ్రి." కొండల్ బిక్షం వైపు చెయ్యి చూపాడు.

బిక్షం తువ్వాలతో మెడ తుడుచుకున్నాడు. కూతురు పనిలో చేరిన రోజే అతను కొండల్‌ను పక్కకు పిలిచి, చాయ్ తాగించి, చేతులు పట్టుకున్నాడు: ఆడపిల్ల, గ్యాసూ మంటా అంటే భయం, జర నీడపట్టున కూర్చోబెట్టన్నా అని. మన దగ్గర ఇదొక పెద్ద రోగం. తెలిసినవాడు దొరికితే చాలు, పిల్లకు పని నేర్పమని అడగం, పని తప్పించమని అడుగుతాం. అడిగినవాడు మేలు చేశాననుకుంటాడు. ఒప్పుకున్నవాడు మాట నిలబెట్టుకున్నాననుకుంటాడు. పిల్ల మాత్రం మొద్దుగా మిగులుతుంది.

"నీ బాగు కోసమే గద బిడ్డా," అన్నాడు బిక్షం. "చెయ్యి గాలితె మీ అమ్మకేం జెప్పాలె?"

"నువ్వు నాగలి వట్టిననాడు తాత నిన్ను నీడకు కూసోవెట్టిండా బాపు?"

బిక్షం కొండల్ వైపు చూశాడు. సార్, కొండల్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అప్పుడే అఖిలకు కోపం తన్నుకొచ్చింది. ముగ్గురూ కలిసి తన చదువు ముంచారని అరిచింది అప్పుడే.

పంతులు హారతి పళ్ళెం ఎత్తబోయాడు. "వర్జ్యం వస్తుందమ్మా. హారతి అయ్యాక మాట్లాడుకోండి."

"హారతి అయినంక ప్రసాదం తిని ఎవరింటికి వాళ్ళు పోతరు పంతులూ. నాకెర్కే." పళ్ళేనికి చెయ్యి అడ్డం పెట్టింది. "కొండలన్నా, రేపు పొద్దుగాల నన్ను మెషిన్ల గదిలకు తోల్కపోవాలె. నువ్వు చేస్తుంటె నేను సూసుడు గాదు, నేను చేస్తుంటె నువ్వు సూడాలె. సార్, పరీక్ష దాంక మీరు వారం వారం ఈడికి రావాలె. నేను తప్పు చేస్తె నన్ను తిట్టుండ్రి, చెయ్యనియ్యకపోతె ఈయన్ని తిట్టుండ్రి. ఇగ బాపు, అన్నకు నువ్వు చెప్పిన మాట నువ్వే వాపస్ తీస్కోవాలె. ఇంటికి పోయినంక గాదు. ఈడనే, అందరి ముంగట, ఇప్పుడే చెప్పు!"