మెర్విన్ కొన్న రేసు ప్లగ్గులు

మెర్విన్ ట్రెల్లర్ కన్నమల్లా అనే ఊళ్లో మా పాత కార్ల క్లబ్బుకి అధ్యక్షుడు. ఇంజన్ మీద చెయ్యి వేయడం తక్కువ, ఉపన్యాసాలు ఎక్కువ. కార్యదర్శిగా పదకొండేళ్లు వాటిని విన్నది నేనే.

మా క్లబ్బు కార్ల ఊరేగింపు రోజు పొద్దున్నే తన ఆరు సిలిండర్ల కారుకి కొత్త స్పార్క్ ప్లగ్గులు తెచ్చాడు. రేసు కార్లకి వేసేవట. మైదానంలో అందరి ముందూ పెట్టె విప్పాడు.

మెకానిక్ డోరీన్ పాస్కో కొత్త ప్లగ్గుని పాతదాని పక్కన నిలబెట్టి చూసింది.

"మెర్వ్, దీని మర చుట్లున్న భాగం పొడుగు ఎక్కువుంది. పిస్టన్ పైకొచ్చి తంతుంది."

"ముప్పై ఏళ్లుగా నడుపుతున్నా ఈ కారుని. నువ్వొచ్చావా నాకు చెప్పడానికి, అమ్మడూ?"

"కొన దగ్గర సందైనా కొలిచావా?"

"కొలతలు చవక సరుక్కి."

డోరీన్ చేతులు కట్టుకుని పక్కకి జరిగింది. ఆయన ఆరూ బిగించి తాళం తిప్పాడు. ఇనుము ఇనుముని కొట్టిన చప్పుడు. ఇంజన్ ఆగిపోయింది.

"బ్యాటరీ పోయినట్టుంది," అన్నాడు మెర్విన్.

డోరీన్ ఒక ప్లగ్గు విప్పింది. కొన అణిగిపోయి, నిప్పురవ్వ దూకాల్సిన సందు మూసుకుపోయింది.

"బ్యాటరీయేనా దీన్ని కొరికింది?"

అందరం పగలబడి నవ్వాం.

ఆ కారులో ఊరేగాల్సింది తొంభై ఏళ్ల నర్సు ఈడిత్ ఫారో. ఊళ్లో సగంమందికి పురుడు పోసిన మనిషి. అప్పటికే గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ఆవిడ మొహం చూసి డోరీన్ టార్చి వేసి లోపల పరీక్షించింది. పిస్టన్లకి పైపైన గీతలే పడ్డాయి. తన బండిలోంచి సరైన ప్లగ్గులు తెచ్చి, సందు కొలిచే పల్చటి రేకు మెర్విన్ చేతిలో పెట్టింది.

"ముప్పాతిక మిల్లీమీటరు. రేకు కాస్త రాసుకుంటూ జారాలి. నువ్వే పెట్టు."

మొదటిది వదులు. "మళ్లీ," అంది. తర్వాత రేకు దూరనే లేదు. "మళ్లీ." ఆరూ కుదిరేసరికి ఆయన చొక్కా తడిసిపోయింది. ఇంజన్ మాత్రం ఒక్క తిప్పుకే అందుకుంది.

ఊరేగింపు అయ్యాక ఈడిత్‌కి మైకు ఇచ్చారు.

"కారు భలేగా నడిచింది," అందావిడ. "ఇంజన్ తనే బాగుచేశానని మెర్విన్ దారంతా చెప్పాడు పాపం. ముసలిదాన్నే గానీ, గుడ్డిదాన్ని కాదు. థాంక్స్, డోరీన్."

ఆ ఏడు మెర్విన్ అధ్యక్ష పదవికి నిలబడలేదు. మేమూ బతిమాలలేదు.