తక్కువ పడ్డ యాభై

జానకిరామయ్య గారు నాలుగోసారి కట్ట విప్పి బల్ల మీద పరిచేశారు.

"ముఖాలన్నీ ఒకవైపు ఉండాలని ఎన్నిసార్లు చెప్పాలి అమ్మాయ్? పదకొండోది తిరగబడి ఉంది. మళ్లీ లెక్కపెట్టు."

నిజం నోట్లయితే ఏది ముఖమో స్వరూపకూ తెలిసేది. ఇవి వాళ్ల నాయిన అంజయ్య వేసిన ప్లాట్ల వెంచరు కరపత్రాలు. "శామీర్‌పేట చెరువుకు ఐదే నిమిషాలు" అని నిగనిగలాడే కాగితం మీద అచ్చు వేయించిన కట్టలు ఇంట్లో ఏ మూల చూసినా పడి ఉంటాయి. వాటిని వంద నోటు కొలతకు కత్తిరించి తెచ్చుకుంది. ఒక ముక్క మీద సగం గేటు, ఇంకో ముక్క మీద కొబ్బరిచెట్టు తల. ఆ మాటే అంటే, "గేటున్నది ముఖం అనుకో" అన్నారాయన. చెట్టు తల వచ్చిన ముక్కల సంగతి మాత్రం చెప్పలేదు.

బ్యాంకులో ముప్పై నాలుగేళ్లు క్యాషియర్‌గా చేసి తెనాలిలో రిటైరైన మనిషి ఆయన. అంజయ్య అమ్మిన ప్లాట్లలోనే ఇల్లు కట్టుకుని, స్వరూప వాళ్ల ఊరు లాల్‌గడి మలక్‌పేట్ పక్క కాలనీలో ఉంటున్నారు. శామీర్‌పేటలో కరీంనగర్ రోడ్డు మీద కొత్తగా తెరుస్తున్న సూపర్ మార్కెట్‌లో నలుగురు క్యాషియర్లు కావాలన్న కాగితం పేపరు మధ్యలో పెట్టి వచ్చిన రోజే స్వరూప ఆయన గుమ్మం తొక్కింది. నేర్పుతానన్నారు. ఆ నేర్పుడు ఎలాంటిదో ఆ రోజు తెలిసి ఉంటే గుమ్మం దగ్గరే ఆగిపోయేది.

"జెప్పిన కాదు, చెప్పాను."

"చెప్పాను సార్."

"వేలు నాలికకి ఆనించకు. తడి స్పాంజి ఎందుకుంది?"

స్వరూపకు ఒళ్లు మండిపోయింది. మా ఊరికొచ్చి, మా నాయిన అమ్మిన జాగాలో కూర్చుని, నా మాటే తప్పంటాడు ఈ పెద్దమనిషి అనుకుంది. కానీ పైకి అనలేదు. అనడానికి వీల్లేదు. ఆ చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో ఆమెను తప్పుపట్టే మనిషి ఆయనొక్కడే మరి.

ఆ సంగతి కొంచెం చెప్పుకోవాలి. అంజయ్యకు భూమి ఉంది, అమ్మిన భూమికి డబ్బుంది, పంచాయతీలో మాట ఉంది. కాబట్టి ఆయన కూతురు ఇరవై రెండేళ్లు వచ్చేదాకా ఎవరికీ ఏ జవాబూ చెప్పలేదు. ఐదో తరగతిలో బొమ్మలు గీయడంలో మొదటి బహుమతి ఇచ్చారు. ఆ నెల నాయిన బడికి ముప్పై కుర్చీలు ఇప్పించాడని తర్వాత తెలిసింది. డిగ్రీ సీటు ఒక ఫోనుతో వచ్చింది. స్కూటీ లైసెన్సు సంగతి మరీ అన్యాయం. వారం రోజులు చేలో సున్నం గీసుకుని, ఎనిమిది ఆకారంలో కాలు కింద పెట్టకుండా బండి తిప్పడం నేర్చుకుంది. రేపు పరీక్ష అనగా ఎవరో మనిషి లైసెన్సు ఇంటికే తెచ్చిచ్చి, టీ తాగి వెళ్లాడు. ఆ ఎనిమిదిని చూసినవాడు ఈ భూమ్మీద లేడు.

బీకాం పూర్తయి రెండేళ్లు. ఇంట్లో తిండికి లోటు లేదు, జీతంతో పనిలేదు. ఆమెకు కావలసిందల్లా ఒక్కటే. ముక్కూ మొహం తెలియని మనిషి ఒకడు ఎదురుగా కూర్చుని తనను ప్రశ్న అడగాలి. తన జవాబుకే ఉద్యోగం రావాలి, లేదా పోవాలి. అందుకే ఇంట్లో బ్యాంకు పరీక్షల ట్యూషన్ అని చెప్పి, ఇక్కడికొచ్చి ఈ చీవాట్లు తింటోంది.

"సరే, ఇది చెప్పు" అన్నారు జానకిరామయ్య గారు, ఆఖరి రోజున. "సాయంత్రం కౌంటర్ మూస్తున్నావు. గల్లాలో యాభై రూపాయలు తగ్గాయి. ఏం చేస్తావు?"

ఇన్నాళ్లకు ఒక తేలిక ప్రశ్న వచ్చిందని స్వరూప సంతోషపడింది. "నా పర్సులకెళ్లి ఏస్త సార్."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. భాష దిద్దడం కూడా మరిచిపోయారు.

"ఆ మాట అక్కడ అన్నావంటే లేచి రావడమే. యాభై తగ్గడం పొరపాటు, ఎవరికైనా జరుగుతుంది. సొంత డబ్బు వెయ్యడం తప్పు. ఇవాళ తగ్గిందని వేస్తావు, రేపు యాభై ఎక్కువొస్తే ఎక్కడికెళ్తుంది? నీ పర్సులోకేగా? తగ్గితే తగ్గిందని చెప్పాలి. కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. పైవాడి చేత తిట్లు తినాలి. క్యాషియర్ అంటే అంతే అమ్మాయ్, అడిగితే జవాబు చెప్పే మనిషి."

స్వరూప పుస్తకంలో రాసుకుంది. తమ ఇంట్లో ఎక్కడ ఏది తగ్గినా నాయిన జేబులో చెయ్యి పెడతాడు. తను కూడా అదే నేర్చుకుందని ఆమెకు ఆ రోజే తెలిసింది. ఇంటికి వెళ్లే దారంతా, "తగ్గిందని చెప్తాను, రాసి సంతకం పెడతాను" అని స్కూటీ మీద వల్లెవేసుకుంటూ పోయింది.

గురువారం పొద్దున పదింటికి ఇంటర్వ్యూ. బస్సులోనే వెళ్లింది. మూడంతస్తుల కొత్త బిల్డింగు, ఇంకా సున్నం వాసన పోలేదు. లోపల బెంచీల మీద పదకొండు మంది కూర్చున్నారు. వాచ్‌మన్ చీటీలు పంచాడు. ఆమెకు ఏడో నంబరు వచ్చింది. ఆ ఏడు చూసుకుంటే స్వరూపకు ఎంతో బాగా అనిపించింది. ముందు ఆరుగురున్నారు, వాళ్లయ్యాకే తను. జన్మలో మొదటిసారి వరుసలో కూర్చుంది.

పక్కన కూర్చున్న అమ్మాయి బౌరంపేట్ నుంచి వచ్చింది. "ఈడ గాకుంటే మేడ్చల్ పోత అక్కా" అంది. "గాడ కొత్త బట్టల దుకాన్ల గూడ ఇయ్యాల్నే సూస్తున్నరట, రెండింటి దాంక."

మూడో నంబరును పిలిచినప్పుడు బయట హారన్ మోగింది. ఆ హారన్ స్వరూపకు తెలుసు.

తెల్ల సుమో వచ్చి మెట్లకు ఆనించి ఆగింది. అంజయ్య దిగాడు. ఇస్త్రీ ఖద్దరు చొక్కా, చేతిలో ఫోను. వెనక ఎప్పుడూ ఉండే, బండి నడిపే వీరయ్య, వాడి చంకలో శాలువా పొట్లం, ఇంకో ఇద్దరు. మేనేజర్ మధుసూదన్ లోపల కూర్చోబెట్టిన మూడో నంబరును అలాగే వదిలేసి బయటికి పరిగెత్తుకొచ్చాడు. కుర్చీలు వచ్చాయి. కూల్‌డ్రింకులు వచ్చాయి.

"గింత పరేషాన్ ఎందుకు బిడ్డా" అన్నాడు అంజయ్య, బెంచీ మీదున్న కూతుర్ని చూసి. గొంతులో కోపం లేదు. కోపముంటే స్వరూప తట్టుకునేది. "నాకొక్క మాట జెప్తే అయిపోవు గద. పరాయోళ్ల తీర్గ గీ బల్లలల్ల కూసునుడేంది?"

"నీకెవలు జెప్పిండ్రు నాయినా?"

"నేనే ఫోన్ చేశానమ్మా" అన్నాడు మధుసూదన్ నవ్వుతూ. "ఫారంలో ఊరి పేరు, నాన్నగారి పేరు చూశాను. తెలియనట్టు పిలిస్తే బాగుండదు కదా. రండి, మీరు ముందు రండి."

"నాది ఏడో నంబర్ సార్" అంది స్వరూప.

ఎవరూ వినిపించుకోలేదు. లోపలున్న మూడో నంబరును బయటికి పంపి, వీరయ్య తలుపు తీసి పట్టుకున్నాడు. బెంచీల మీదున్నవాళ్లంతా ఆమెను చూశారు. బౌరంపేట్ అమ్మాయి చూపు తిప్పుకుంది. ఆ క్షణంలో స్వరూపకు భూమి విచ్చుకుని లోపలికి పోతే బాగుండుననిపించింది.

లోపల మధుసూదన్ శాలువా కప్పించుకున్నాడు, నాయినతో రోడ్డు వెడల్పు గురించి మాట్లాడాడు, నీళ్ల కనెక్షన్ గురించి మాట్లాడాడు. సర్టిఫికెట్ల సంచి స్వరూప ఒళ్లోనే ఉంది. పది నిమిషాలు చూసింది. ఇక ఆగలేకపోయింది.

"సార్, నన్ను ప్రశ్నలు అడగండి."

"మిమ్మల్ని అడగడమేంటమ్మా" అన్నాడు మధుసూదన్.

"నెల రోజులు తయారయ్యాను. బయట వాళ్లను అడుగుతున్నారు కదా. అవే అడగండి."

మేనేజర్ అంజయ్య వైపు చూశాడు. అంజయ్య, పిల్ల ముచ్చట తీర్చమన్నట్టు చెయ్యి ఊపాడు. మధుసూదన్ ఎదురుగా ఉన్న కాగితంలో ఆఖరి ప్రశ్న మీద వేలు పెట్టాడు.

"సాయంత్రం గల్లా లెక్క చూస్తే యాభై రూపాయలు తక్కువ పడ్డాయి. ఏం చేస్తారు?"

స్వరూప గుండె ఎగిరి గంతేసింది. నోరు తెరిచింది.

"యాభయ్యా?" అన్నాడు అంజయ్య. అంటూనే జేబులో చెయ్యి పెట్టి ఐదు వందల నోటు తీసి బల్ల మీద వేశాడు. "గా యాభైకి బిడ్డను అడుగుడేంది మేనేజర్ సాబ్. గిది ఉంచు. నెల పొడుగూత ఎంత తక్కువ పడ్డా నాకు ఫోన్ జెయ్, నేను పంపిస్త."

వీరయ్య గట్టిగా నవ్వాడు. మధుసూదన్ కూడా నవ్వాడు. ఆ తర్వాత పెన్ను మూత పెట్టేశాడు.

ఆ మూత చప్పుడు విన్నాక స్వరూపకు అరికాలి మంట నెత్తికెక్కింది. నోటు తీసి నాయిన చేతిలో పెట్టింది. మేనేజర్ వైపు తిరిగింది. "తగ్గితే తగ్గిందని చెప్తాను సార్. కాగితం మీద రాసి సంతకం పెడతాను. నా డబ్బులు వెయ్యను. ఎవరి డబ్బులూ వెయ్యనివ్వను."

"కరెక్టే" అన్నాడు మధుసూదన్, కాస్త ఇబ్బందిగా. "పొద్దున్నుంచి ఎవరూ ఇంత సరిగ్గా చెప్పలేదు. కానీ చూడమ్మా, ఒకరోజు నిజంగానే తగ్గుతుంది. అప్పుడు నేను మిమ్మల్ని నిలబెట్టి అడగాలి, నలుగురి ముందు గట్టిగా ఒక మాట అనాలి. అంజయ్యగారి అమ్మాయిని నేనెలా అంటాను? అడగలేని మనిషిని గల్లా దగ్గర కూర్చోబెట్టలేను. ఓపెనింగ్‌కి మాత్రం మీరంతా తప్పకుండా రావాలి. రిబ్బను దగ్గర పళ్లెం మీరే పట్టుకోవాలి."

సుమో బయలుదేరింది. శామీర్‌పేట బస్టాపు వచ్చేసరికి అంజయ్యే మొదలుపెట్టాడు.

"ఆడు గాకుంటే ఇంకోడు. మేడ్చల్ల బట్టల దుకానం పెడుతున్నరు, సేటు మనోడే. ఒక్క ఫోన్ జేస్త."

"బండి ఆపు నాయినా."

"ఏంది బిడ్డా?"

"ఆపు. బస్సుల పోత."

వీరయ్య బండి ఆపాడు. స్వరూప దిగి, తలుపు పట్టుకుని నిలబడింది.

"నేనేమన్న గల్లాల తక్కువ పడ్డ పైసలనా నాయినా, ఏడికి పోయినా ఎనుకకెళ్లి నువ్వు జేబుల చెయ్యి వెట్టి ఎయ్యనీకి? నాకు జవాబు తెలుసు. నెల రోజులు తిట్లు తిని నేర్సుకున్న. నన్నొక్కసారి అడగనియ్యి. ఒక్కసారన్న తప్పు జెప్పనియ్యి."

అంజయ్య మొహం చిన్నబోయింది. ఇంట్లో ఎవరూ ఆయనతో అంత మాట అనలేదు. "నీ కోసమే గద బిడ్డా" అన్నాడు చివరికి, మెల్లగా. స్వరూపకు కోపంతో పాటు జాలీ వేసింది. జాలి వేసినందుకు తన మీద తనకే ఇంకా కోపం వచ్చింది. తలుపు వేసి బస్టాపు రేకు కిందకి నడిచింది. టైము పన్నెండు దాటింది. మేడ్చల్ దుకాణంలో రెండింటి దాకా చూస్తారు, ఇంకా సమయముంది.

మేడ్చల్ బస్సు వచ్చింది. మెట్టు మీద ఒక కాలు పెట్టి వెనక్కి చూసింది. సుమో ఇంకా అక్కడే ఉంది. అద్దం దించి ఉంది. నాయిన చెవి దగ్గర ఫోను. ఆయన మెల్లగా మాట్లాడాలని ఎంత ప్రయత్నించినా బజారంతా వినబడుతుంది.

"ఆఁ సేటూ, మా బిడ్డ వస్తాంది. బస్సులనే వస్తాంది, నా బండి గాదు. మంచిగ సవాళ్లు అడుగు. గట్టివే అడుగు, నేను జెప్పిన్నని అనకు. అడగకుంటే బిడ్డ ఊకోదు."

స్వరూప మెట్టు మీంచి కాలు తీసేసింది. వెనకాలవాళ్లు తోసుకుంటూ ఎక్కారు. మేడ్చల్ బస్సు వెళ్లిపోయింది.

దాని వెనకే కరీంనగర్ నుంచి సికింద్రాబాద్ పోయే బస్సొకటి వచ్చి ఆగింది. సికింద్రాబాద్‌లో ఆమెకు తెలిసినవాళ్లు లేరు. అంతకన్నా ముఖ్యం, నాయినకు తెలిసినవాళ్లూ లేరు. ఎక్కి కూర్చుంది. సంచిలో సర్టిఫికెట్ల కింద కరపత్రాల కట్ట తగిలింది, సగం గేట్లు, సగం కొబ్బరిచెట్లు. కిటికీలోంచి సుమో వైపు చూడలేదు.

"ఎక్కడికమ్మా?" అన్నాడు కండక్టర్. జవాబు ఆమె నోటి నుంచే రావాలని ఆగాడు.

"సికిందరాబాద్, ఒకటి" అంది స్వరూప, యాభై నోటు అందిస్తూ.