పెళ్లికారు కింద జాకీ

నేను ఒక జాకీని. బరువెత్తడం తప్ప మరో విద్య రాదు నాకు. లూథియానాలో ఒక కార్ఖానాలో పోతపోసి, కడుపులో నూనె నింపి, ఒంటిమీద 'ఐదు టన్నులు' అని అచ్చేసి పంపారు. మనుషులు పేరు పక్కన డిగ్రీ రాసుకుంటారే, అలాంటిదే. కాకపోతే నాది వాడిన ప్రతిసారీ రుజువు కావాలి.

మొదట నన్ను కొన్నది అప్పలకొండ అనే లారీ డ్రైవరు. టైరు పంక్చరైన ప్రతిచోటా నన్నే తిట్టేవాడు, నన్నే నమ్మేవాడు. మోకాళ్లు అరిగిపోయి లారీ మానేశాక నన్ను తణుకులో ఉన్న తన చెల్లెలు వీరలక్ష్మి మొగుడికి ఇచ్చేశాడు.

ఆ మొగుడు సత్తిపండు. సన్నగా రివటలా ఉంటాడు. పెళ్లి ఊరేగింపులకి బండ్లు అద్దెకిస్తాడు. ఒక పాత జీపుండేది. అది చాలదని ఎక్కడినుంచో ఎర్రటి స్పోర్ట్స్ కారొకటి తెచ్చాడు. నేలకి జానెడెత్తున పాకుతున్నట్టు ఉంటుంది. అందులోకి ఎక్కాలంటే పెళ్లికొడుకు తలపాగా తీసి ఒళ్లో పెట్టుకోవాలి. అయినా అదే కావాలని ఎగబడేవారు జనం.

ఆ రోజు సాయంత్రం తాడేపల్లిగూడెంలో పెళ్లి. మెకానిక్కు ఊళ్లో లేడు. కారు ఇంజనాయిలు మార్చక చాలా కాలమైంది. "ఫోన్లో చూశానే. ఒక్క బోల్టు తిప్పితే పాత నూనె కారిపోద్ది, కొత్తది పోసుకోవడమే" అన్నాడు సత్తిపండు పెళ్లాంతో.

తీరా చూస్తే నేను ఎంత కుదించుకున్నా ఆ కారు కింద పట్టలేదు. లారీలెత్తిన నాకు అదెంత సిగ్గో! ముందు చక్రాల్ని చెక్కపలకల మీదికి ఎక్కించి, ఆ సందులో నన్ను దూర్చి, కారు ఎత్తాక పలకలు అడ్డమని తీసేశాడు. పొద్దున్నే కారు కడిగిన నీళ్లకి వాకిట్లో మట్టి మెత్తబడి ఉంది. నా పాదం కింద నేల కొద్దికొద్దిగా దిగుతున్నట్టు నాకు తెలుస్తూనే ఉంది. చెప్పడానికి నోరేదీ?

"ఆగయ్యా, జీపు స్టెప్నీ కింద పెడతాను" అంది వీరలక్ష్మి.

"పావుగంట పనికి ఇంత హడావుడేంటే!"

"పోయేదేముంది? నా ధైర్యం కోసం." ఆవిడే ఆ చక్రాన్ని దొర్లించుకొచ్చి, కారు కిందికి పడుకోబెట్టి తోసింది. సత్తిపండు నవ్వుతూ వెల్లకిలా కిందికి జారాడు.

బోల్టు బిగుసుకుపోయి ఉంది. రెండు చేతులా స్పానరు పట్టుకుని బలంగా గుంజాడు. కారు ఊగింది. మళ్లీ గుంజాడు. బోల్టు ఊడింది, నా కింద మట్టీ ఒక పక్కకి ఒరిగిపోయింది. నేను పక్కకి తన్నుకుపోయాను.

ధభీమన్న చప్పుడు. ఆ తరవాత ఏ చప్పుడూ లేదు.

వీరలక్ష్మి కేక కూడా వెయ్యలేదు. కారు కిందినుంచి నల్లటి ధార ఒకటి మెల్లగా పాకి వచ్చి ఆవిడ కాలివేళ్లకి తగిలింది, వెచ్చగా. ఆవిడ దాన్నే చూస్తూ నిలబడిపోయింది. అది నూనె అని నాకు తెలుసు. ఆవిడకి తెలీదు. ఇన్నేళ్లలో నేనెత్తిన ఏ బరువూ ఆ మొహంమీదున్నంత లేదు.

"వీరా..." కిందినుంచి పీలగా వినిపించింది. "ఊపిరాడతంది గానీ... కదలలేకపోతన్నా."

అప్పుడు పెట్టింది కేక. వీధిలో వాళ్లు నలుగురు పరుగెత్తుకొచ్చి కారు అంచు పట్టి లేపారు. "ఎక్కువసేపు ఆపలేమమ్మా!" అన్నారు. వీరలక్ష్మి బురదలోంచి నన్ను లాగి, ఒక పలక వేసి, దానిమీద నిలబెట్టి, పిడి ఆడించడం మొదలుపెట్టింది. చీర కుచ్చెళ్లు నూనెలో తడుస్తున్నాయి. మెట్టుమెట్టుగా లేచాను. పక్కకి పడిపోయిన నన్నే మళ్లీ నమ్మిందా మనిషి! నాకైతే నామీద నాకే నమ్మకం లేదు.

సత్తిపండుని కాళ్లు పట్టి బయటికి లాగారు. మొహమంతా నల్లగా, కళ్లు మాత్రం తెల్లగా. కారు ఆ స్టెప్నీ మీద ఆగబట్టి ఎముకలేవీ విరగలేదు, ఛాతీమీద కమిలిన గుర్తులు మాత్రం మిగిలాయి. వీరలక్ష్మి ముందు అతని చెంప పగలగొట్టింది, తరవాత ఆ చెంపే పట్టుకుని ఏడ్చింది. పెళ్లికొడుకు ఆ సాయంత్రం ట్రాక్టరు మీద ఊరేగాడట.

మర్నాడు పాత ఇనుము బండివాడు రాగానే వీరలక్ష్మి నన్ను ఎత్తి అందులో పడేసింది. సత్తిపండు ఛాతీ పట్టుకుని వాకిట్లోకి వచ్చాడు.

"దాన్నెందుకే ఇచ్చేత్తావు? అది లేపబట్టే గదా నేను బతికింది!"

"అది పడిపోబట్టే గదా మీద పడింది!"

ఇద్దరి మాటా నిజమే. బండివాడు మాత్రం నన్ను తీసి తక్కెట్లో పెట్టాడు.