అంబులెన్సు ఓటు

ఆర్డిస్ కోల్‌స్టాడ్ కార్విన్ ఊళ్లో స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఆమె ఎక్కని గుమ్మం ఆ ఊళ్లో లేదు. అంబులెన్సు నిలబెట్టుకోవడానికి పన్ను పెంచాలా వద్దా అని మే నెలలో ఓటింగు పెట్టినప్పుడు, ఇల్లిల్లూ తిరిగి చెప్పే పని అందుకే ఆమె నెత్తిన పడింది. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలోని ఆ మూల నుంచి ఆసుపత్రికి వెళ్లాలంటే గంటకు పైనే పడుతుంది. పన్ను ఓడిపోతే జులైకల్లా బండి ఆగిపోతుంది.

మొదట లైల్ బ్రాండ్‌వాల్డ్ ఇంటికి వెళ్లింది. అధ్యక్షుడి ఎన్నిక నవంబరులో అయినా, అతని వాకిట్లో అప్పుడే పార్టీ జెండాలు రెపరెపలాడుతున్నాయి.

"ఏం ఆర్డిస్, డెమోక్రాట్లు పంపారా నిన్ను?"

"ఏ పార్టీ లేదయ్యా బాబూ! నేనూ నీలాగే పుట్టి బుద్ధెరిగాక రిపబ్లికన్లకే వేశాను. ఇది అంబులెన్సు."

"పన్ను అన్నాక అది వాళ్లదే. ఇవాళ అంబులెన్సంటారు, రేపు ఇంకోటంటారు."

"గుండె పట్టుకుని పడిపోతే నిన్ను మోసుకెళ్లిందేది మరి?"

"అప్పటి సంగతి అప్పుడు" అని లైల్ తలుపు వేసుకున్నాడు.

ఊరి చివర రేకుల ఇంట్లో ఉండే కెల్సీ వృద్ధాశ్రమంలో పనిచేస్తుంది. చంటిబిడ్డను చంకనేసుకుని వచ్చింది.

"నా ఓటెందుకు ఆంటీ? నేనేసినవాడు ఈ కౌంటీలో ఒక్కసారన్నా గెలిచాడా? ఊరంతా ఒకవైపు, నేనొక్కదాన్నే ఒకవైపు. విసుగొచ్చి మానేశా."

"ఇందులో నాయకుడెవడూ లేడమ్మా. రేపు నీ బిడ్డకి ఊపిరాడకపోతే?"

"చూస్తాలెండి."

హోంవర్కు చెయ్యని పిల్లలు బస్సెక్కుతూ అనే మాటలాగే ఉంది అది. ఆర్డిస్‌కు దాని అర్థం తెలుసు.

పశువులు పెంచుకునే తమ్ముడు గేలెన్ మాత్రం నవ్వేశాడు. "నాకూ చెప్పాలా అక్కా? పొద్దున్నే వచ్చి వేసేస్తా."

ఓటింగు రోజు ఆర్డిస్ చర్చి కింది హాల్లో ఓటర్ల జాబితా పెట్టుకుని బల్ల దగ్గర కూర్చుంది. కాఫీ కాచి పెట్టారు, అది చల్లారిపోయింది. మెట్ల మీద అడుగుల చప్పుడైనప్పుడల్లా తలెత్తి చూసింది. వచ్చినవాళ్లలో లైల్ ఉన్నాడు, అతనిలాంటివాళ్లు ఇంకొందరు ఉన్నారు. కెల్సీ రాలేదు. గేలెన్ ఆ రోజు దూడలకు వాతపెట్టి ముద్రలు వేసే పనిలో పడ్డాడు. అతనూ రాలేదు. వేళ్ల మీద లెక్కపెట్టగలిగే తేడాతో పన్ను ఓడిపోయింది.

"నేనొక్కణ్ణి రాకపోతే ఏమవుతుందిలే అనుకున్నానే" అన్నాడు గేలెన్. ఆర్డిస్ రెండు వారాలు అతనితో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది. ఉన్నది ఒక్కడే తమ్ముడు.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం ఎద్దు గేలెన్‌ను గేటుకేసి నొక్కేసింది. పనివాడు ఫోన్ చేస్తే ఆర్డిస్ పరుగున వెళ్లింది. పక్క కౌంటీ అంబులెన్సు బయల్దేరిందన్నారు. కదిలిస్తే ఇంకా ప్రమాదమన్నారు. ఆమె మట్టిలో కూలబడి తమ్ముడి తలను ఒళ్లో పెట్టుకుంది. మీద ఎండ పడకుండా తన టోపీ అడ్డం పెట్టింది.

"వస్తోందా అక్కా?"

"వస్తోంది నాన్నా. దారిలో ఉంది."

"ఏ దారిలో?" అని నవ్వబోయాడు. నోట్లోంచి నెత్తురొచ్చింది. తర్వాత అతను ఇంకేమీ అడగలేదు. దూరంగా దుమ్ము లేచేసరికి ఆర్డిస్ ఒళ్లో బరువు మారిపోయింది.

అంత్యక్రియలకు ఊరంతా వచ్చింది. లైల్ పెద్ద గిన్నెతో బంగాళాదుంపల వంటకం తెచ్చాడు. కెల్సీ వాటేసుకుని ఏడ్చింది. ఓటింగు మాట ఎవరూ ఎత్తలేదు. ఆర్డిస్ కూడా ఎత్తలేదు. ఎత్తితే తమ్ముణ్ణి కూడా అనాల్సి వస్తుంది.

నవంబరులో అదే హాల్లో, అదే బల్ల దగ్గర కూర్చుంది. తెల్లారకముందే వరస మెట్లెక్కి రోడ్డు మీదికి పోయింది. కర్రల మీద నడిచేవాళ్లు వచ్చారు. ఎన్నడూ ఓటెయ్యని కుర్రాళ్లు వచ్చారు. వరసలో ఉన్నవాళ్లు ఎప్పుడూ చూడని నాయకుల్ని సొంత పాలివాళ్లలా తిట్టుకుంటున్నారు, మెచ్చుకుంటున్నారు. కెల్సీ కూడా వచ్చింది. "ఈసారన్నా దించాలి ఆంటీ ఈ అధ్యక్షుణ్ణి" అని గొంతు తగ్గించి చెప్పింది.

లైల్ వంతు వచ్చింది. "చూశావా ఆర్డిస్, ఎంత జనమో! మన ఊరికి పట్టింపు లేదనేవాళ్లు ఇప్పుడొచ్చి చూడాలి."

ఆర్డిస్ అతని పేరు ఎదురుగా గీత పెట్టి ఓటు కాగితం చేతికిచ్చింది. "వెనకవైపు కూడా చూసుకో లైల్" అంది. అందరికీ చెప్పే మాటే అది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక, పక్కన కూర్చున్న ఆవిడ "నువ్వూ వేసెయ్యి ఆర్డిస్" అంది. ఆర్డిస్ కాగితం తీసుకుని మరుగు వెనక్కి వెళ్లి నిలబడింది. అధ్యక్షుడి నుంచి కిందిదాకా పేర్లన్నీ చదివింది. కాగితం తిప్పి వెనకా చదివింది. అంబులెన్సు మాట ఎక్కడా లేదు. కలం మూత తియ్యలేదు. కాసేపయ్యాక ఖాళీ కాగితాన్ని అలాగే పెట్టెలో వేసి బల్ల దగ్గరికి వచ్చేసింది. ఎవరో మెట్లు దిగుతున్నారు.

"పేరు చెప్పండి" అంది.