సాక్ష్యం చెప్పినాక

విశ్వాసమ్మ గుండెకు స్టెంటు వేసి ఎనిమిది నెలలైంది. మార్చిలో కడపలో చేసిన రక్తపరీక్షలో చెడ్డ కొలెస్ట్రాల్ నూట డెబ్బై నుంచి అరవై నాలుగుకు దిగింది. మందులు బాగా పనిచేస్తున్నాయని, ఒక్కపూట కూడా మానొద్దని డాక్టరు చెప్పాడు.

ఆ ఆదివారం ఆమె తమ ఊరి చర్చిలో ఆ కాగితం పట్టుకుని నిలబడి, ప్రభువు తనను పూర్తిగా స్వస్థపరిచాడని సాక్ష్యం చెప్పింది. పాస్టరమ్మ ప్రేమజ్యోతి ఆమెను దగ్గరికి తీసుకుని ఏడ్చింది.

మర్నాటి నుంచి విశ్వాసమ్మ మాత్రలు ముట్టలేదు. వారం తర్వాత కోడలు మహిమ అది కనిపెట్టి నిలదీసింది.

"అందరి ముందర సాక్ష్యం చెప్పినాక మాత్ర మింగితే, దేవుని మీద అబద్ధమాడినట్ల గాదామ్మే?"

"పాస్టరయ్య సుగర్ మాత్ర మింగడంల్యా అత్తా?"

"ఆయప్ప సాక్ష్యం చెప్పలేదు గదా."

మహిమ తన మొగుడు నెహెమ్యాతో చెప్పింది. అమ్మ మొండితనం తెలిసిందే కదా, నువ్వే నచ్చజెప్పమని అతను లారీ ఎక్కాడు. ఒకరోజు మహిమ మాత్ర నూరి అత్త మజ్జిగలో కలిపింది. చేదు తగిలి విశ్వాసమ్మ రెండు రోజులు కోడలి చేతి అన్నం ముట్టలేదు. ఆ తర్వాత మహిమ మళ్లీ ఆ మాటెత్తలేదు.

మే నెలలో విశ్వాసమ్మకు దవడ లాగింది, వీపు బరువెక్కింది. పన్ను నొప్పేమోనని లవంగం పెట్టుకుని పనికి పోయింది. రెండో రోజు చీనీకాయల తోటలో చెమటలు పట్టి కూలబడింది.

కడప ఆసుపత్రిలో డాక్టరు మాత్రల గురించి అడిగాడు. మంచం పక్కన ప్రేమజ్యోతి నిలబడి ఉంది.

"రోజూ మింగుతాండా సార్," అంది విశ్వాసమ్మ.

డాక్టరు రాసుకోబోయాడు.

"లేదు సార్. మానేసి రెండు నెలలైంది," అంది మహిమ.

విశ్వాసమ్మ కోడలిని చూసింది. "నన్ను అబద్ధికురాల్ని జేస్తివి," అని మొహం తిప్పుకుంది.

పాత స్టెంటు మూసుకుపోయింది. దాన్ని తెరిచారు గానీ అప్పటికే గుండె చాలావరకు దెబ్బతిన్నదన్నారు. ఆమె అయిదు రోజులు బతికింది. మహిమ గ్లాసు అందిస్తే పెదవులు బిగించేది. నీళ్లు ప్రేమజ్యోతి చేత్తోనే తాగింది.

చివరి రోజు, శవాన్ని ఇచ్చే కాగితాల కోసం వరండాలో కూర్చున్నప్పుడు ప్రేమజ్యోతి మెల్లగా అంది.

"నాకొక్క మాట చెప్పింటే నేనే మింగిచ్చిందును గదా మహిమా."

ఆ ఆలోచన రెండు నెలల్లో ఒక్కసారి కూడా మహిమకు రాలేదు.